డఫ్ ఓడ నేర్పిన పాఠము



మిషనరీల చరిత్రను చెప్పునప్పుడు మనము వారి త్యాగములను, శ్రమలను, హతసాక్షుల మరణములను చెప్పుదుము. ఆదివారపు బడిలో పిల్లలు నేర్చుకొనునవియు అవే. అది మంచిదే. అయితే దావీదు జయములను వ్రాసిన పరిశుద్ధ గ్రంథమే అతని పతనమును కూడ దాచక వ్రాసినది. సేవకుల చరిత్రలోను సిగ్గుపడుచు చదువవలసిన పుటలు కొన్ని ఉన్నవి. వాటిని చింపివేయుటకు మనకు అధికారము లేదు. అట్టి పుట నొకదానిని ఈ మాసము మీ యెదుట ఉంచుచున్నాను. అది దైవసేవకుని శరీర పవిత్రతను గూర్చినది.

1795లో లండను నగరమున ఒక మిషనరీ సంఘము ఏర్పడెను. తరువాత దానికి లండన్ మిషనరీ సొసైటి అను పేరు స్థిరపడెను. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతముల పెద్దలు "లండను మిషను" అని చెప్పుకొనునది ఇదే. ఆ సంఘము తన మొదటి సేవకులను మన దేశమునకు పంపలేదు. దక్షిణ పసిఫిక్ మహాసముద్రములోని ద్వీపములకు పంపెను. అందుకొరకు డఫ్ అను ఓడను కొనిరి. దాని నాయకుడు జేమ్సు విల్సను. ఈయన మన దక్షిణ దేశమున యుద్ధకాలములో పట్టుబడి, హైదరాలీ చెరలో శ్రీరంగపట్టణమున సంకెళ్లతో ఉండినవాడు. ఆ దినములలో దేవుని లక్ష్యపెట్టనివాడు. ఇంగ్లండునకు తిరిగి వెళ్లిన తరువాత మారుమనస్సు పొంది, ఈ ఓడను నడుపుటకు తానే ముందుకు వచ్చెను.

1796లో ఓడ ఇంగ్లండు విడిచెను. అందులో 30 మంది మిషనరీలు ఉండిరి. నలుగురు మాత్రమే అభిషేకము పొందిన బోధకులు. మిగిలినవారిలో ఎక్కువమంది వడ్రంగులు, తాపీపనివారు, నేతపనివారు, చెప్పులు కుట్టువారు. మన సంఘములలోని వారివంటి కష్టజీవులు. ఆరుగురికి మాత్రమే భార్యలు వెంట వచ్చిరి. తక్కినవారిలో పెక్కుమంది బ్రహ్మచారులు. 1797 మార్చి 5న ఓడ తాహితి ద్వీపమున లంగరు వేసెను. భార్యలు గలవారందరితో కూడ 18 మంది అక్కడ దిగిరి. పదిమందిని టోంగాలో దింపిరి. ఇద్దరిని మార్క్వెసాసు ద్వీపములలో దింపవలెనని ఏర్పాటు చేసిరి.

ఆ ఇద్దరి సంగతి మొదట వినుడి. ఒకడు జాను హారిస్, వయస్సున పెద్దవాడు. రెండవవాడు విలియం క్రూక్, ఇరువది దాటిన యువకుడు. ఆ ద్వీపపు నాయకుడు వారిని ఆదరించెను. తాను వేరొక చోటికి పోవుచు, క్రూకును వెంట తీసికొని, తన భార్యను హారిస్ యొద్ద విడిచిపెట్టెను. అది ఆ దేశపు అతిథి మర్యాద. హారిస్ ఆమెను నిరాకరించెను. అతని వైఖరి ఆమెకు అర్థము కాలేదు. ఇతడు పురుషుడేనా అని ఆమెకు సందేహము కలిగెను. రాత్రి అతడు నిద్రించుచుండగా, ఆ సందేహము తీర్చుకొనుటకు ఆమెయు మరికొందరు స్త్రీలును అతనియొద్దకు వచ్చిరి. అతడు భయపడి, తన పెట్టె తీసికొని సముద్రపు ఒడ్డునకు పారిపోయెను. చివరకు ఓడవారు అతనిని ఎక్కించుకొని తాహితికి తీసికొనిపోయిరి. చిన్నవాడైన క్రూక్ మాత్రము అక్కడనే నిలిచి, ఒక సంవత్సరమునకు పైగా ఆ ద్వీపములలో ఒంటరిగా గడపి, నమ్మకముగా ఇంగ్లండునకు తిరిగి వెళ్లెను. తరువాత మరల పసిఫిక్ సేవకు వచ్చెను.

చదువరులారా, హారిస్‌ను చూచి నవ్వినవారు చాలమంది ఉన్నారు. నేను నవ్వను. యోసేపు కూడ పారిపోయినవాడే. పై వస్త్రము పోయినను మనస్సాక్షిని కాపాడుకొన్నవాడు ఓడిపోయినవాడు కాడు. ఆ స్త్రీలను కూడ నిందింపకుడి. వారు తమ ఆచారము చొప్పున నడిచిరి. ఆజ్ఞను ఎరిగినవారు మిషనరీలు. లెక్క చెప్పవలసినవారును వారే.

ఇక టోంగాకు పోదము. అక్కడి పదిమందియు మొదట కలిసి నివసించిరి. కాని ఆ ద్వీపములో అంతకు ముందే ఓడలనుండి పారిపోయి వచ్చిన తెల్లవారు కొందరు ఉండిరి. వారు మిషనరీలపై పగబట్టి కష్టపెట్టిరి. అందుచేత మిషనరీలు విడిపోయి, తలకొక చోట, వేరువేరు నాయకుల ఆశ్రయమున ఉండసాగిరి. వారిలో జార్జి వేసను అనునతడు తాపీపనివాడు, ఇరువదియైదేండ్ల యువకుడు. ఒక గొప్ప నాయకుని ఇంటిలో చేరెను. అతడు ఒక్క దినమున పడిపోలేదు. తోటివారితో కూడుకొనుట తగ్గెను. ప్రార్థన తగ్గెను. ఆ దేశపు వస్త్రము కట్టెను. వస్త్రములో పాపము లేదు. కాని అతడు వస్త్రముతోపాటు తన పిలుపును కూడ విడిచిపెట్టెను. నాయకుని బంధువర్గములోని ఒక యువతిని భార్యగా తీసికొనెను. తరువాత ఆ దేశపు పెద్దలవలె అనేక భార్యలను చేర్చుకొని, భూమిని సంపాదించి, యుద్ధములకు కూడ పోయెను. 1799లో ఆ ద్వీపమున అంతర్యుద్ధము లేచి, ముగ్గురు మిషనరీలు హతులైరి. మిగిలినవారు 1800లో ఓడ నెక్కి వెడలిపోయిరి. వేసను వారితో పోలేదు.

తాహితిలోను దుఃఖము కలిగెను. థామసు లూయీ అను అభిషిక్త బోధకుడు 1798లో ఆ దేశపు స్త్రీతో కాపురము చేయ నిశ్చయించెను. సహోదరులు వలదనిరి. అతడు వినలేదు. వారు అతనిని సహవాసమునుండి తొలగించిరి. 1799 చివర అతడు మరణించెను. ఆ మరణము ఎట్లు జరిగెనో ఎవరికిని స్పష్టముగా తెలియలేదు.

బ్రహ్మచారులకే ఈ శోధన అని మీరు తలంచెదరేమో. న్యూజీలాండు చరిత్రను చూడుడి. చర్చి మిషనరీ సొసైటి పంపిన థామసు కెండల్ 1814లో భార్యతోను పిల్లలతోను అక్కడికి చేరెను. 1815లో మావోరీ భాషలో మొదటి పుస్తకమును అచ్చువేయించెను. 1820లో ఇంగ్లండునకు పోయి, ఆ భాషకు వ్యాకరణము సిద్ధపరచుటలో కేంబ్రిడ్జి పండితునికి తోడ్పడి, అక్కడనే అభిషేకము పొందెను. ఇంతటి విద్యావంతుడు తిరిగి వచ్చి, ఒక మావోరీ పూజారి కుమార్తెతో అక్రమ సంబంధము పెట్టుకొనెను. మిషను అతనిని తొలగించెను. శామ్యూల్ మార్స్‌డెన్ 1823లో స్వయముగా వెళ్లి ఆ మాట అతనికి చెప్పవలసివచ్చెను. అతనికి ఇల్లు ఉన్నది, భార్య ఉన్నది, పిల్లలు ఉన్నారు. అయితే అంతకు ముందే అతనికిని తోటి మిషనరీలకును మధ్య తీవ్రమైన వైరము పెరిగియుండెను. ఇల్లు నిండుగా ఉన్నను మనిషి ఒంటరి కావచ్చును.

ఈ కథలన్నిటిలో నాకు కనబడు సంగతి ఒకటే. వీరిలో ఎవరును పాపము చేయవలెనని ఓడ ఎక్కలేదు. అందరును ప్రార్థన చేసి బయలుదేరినవారే. అయితే సేవకుని పవిత్రత అతడు బయలుదేరిన దినమున చేసిన ప్రమాణము చేత నిలుచునది కాదు. ప్రతిదినము వెలుగులో నడుచుటచేత నిలుచును. ఎవడు తన తలంపులను ఎవరితోను చెప్పుకొనడో, ఎవడు తనను అడుగువారు లేని చోట నివసించునో, వాడు ఇంకను పడకపోయినను అంచున నిలిచియున్నాడు. అపొస్తలుడైన పౌలంతటివాడే, ఇతరులకు బోధించిన తాను తప్పిపోవుదునేమో అని భయపడి తన శరీరమును అదుపులో ఉంచుకొనెను. ప్రభువు తన శిష్యులను ఇద్దరిద్దరిగా పంపుట ఊరక చేసిన పని కాదు.

నా సంగతి ఒకటి చెప్పుట అవసరము. వేదాంత పాఠశాల విడిచి, పెండ్లి కాకమునుపే నేను ఒక పల్లెకు పంపబడితిని. మొదటి రాత్రియే ఒక సంఘపెద్ద భార్య తన కుమారుని చాపతో సహా నా యొద్దకు పంపెను. "అయ్యగారూ, మా పిల్లవాడు మీ వరండాలో పడుకుంటాడు. మీకు ఊరు కొత్త. ఒంటరిగా ఉండవద్దు" అని ఆమె చెప్పెను. నాకు కోపము వచ్చెను. నన్ను అనుమానించుచున్నదని తలంచితిని. రెండేండ్లు ఆ పిల్లవాడు అక్కడనే పడుకొనెను, రాత్రులు నా దీపము క్రిందనే పాఠములు చదివెను. ఆ రెండేండ్లలో ఆ తల్లి నన్ను ఎన్ని శోధనలనుండి కాపాడెనో నాకు తెలియును, దేవునికి తెలియును.

అదే కాలమున నా స్నేహితుడొకడు మరియొక గ్రామమున సువార్తికుడుగా ఉండెను. అతనికి అట్టి చాప ఎవరును వేయలేదు. అతడు పడిపోయెను. ఊరిలో కొందరికి ముందే అనుమానము కలిగినను, సంఘము పేరు పోవునని నోరు మెదపలేదు. సంగతి బయటపడినప్పుడు ఆ యువతి కుటుంబమే ఊరు విడిచి పోవలసివచ్చెను. నేను కూడ అతని ఉత్తరములు తగ్గుట చూచి ఊరకుంటిని. ఒకసారి బస్సెక్కి వెళ్లి అతని కన్నులలో చూచి అడిగియుండవలసినది. వెళ్లలేదు. ఆ లెక్క నా మీద ఉన్నది.

కాబట్టి సంఘస్థులారా, మీ కాపరిని గూర్చి, మీరు పంపు సువార్తికుని గూర్చి మీకు బాధ్యత ఉన్నది. అతని జీతమును సమయమునకు ఇయ్యుడి. అప్పుడు అతడు భార్యాబిడ్డలను దూరముగా ఉంచక వెంట తెచ్చుకొనగలడు. ఒంటరిగా ఉన్న స్త్రీని సందర్శించునప్పుడు ఒక పెద్దనో, సంఘములోని ఒక తల్లినో తోడు పంపుడి. అతనిని భోజనమునకు పిలువుడి. పండుగనాడే కాదు, వట్టి దినములలోను. నేడు శోధన సముద్రము దాటి పోవనక్కరలేదు. చేతిలోని ఫోనులోనే రాత్రివేళ వచ్చి కూర్చుండును. కాబట్టి సేవకులారా, మీ ఫోను మీ భార్య చూచుటకు, మీ తోటి సేవకుడు అడుగుటకు అడ్డు చెప్పకుడి.

మరియొక మాట. ఏ యువతియైనను, ఏ బిడ్డయైనను సేవకునిమీద ఫిర్యాదు తెచ్చినయెడల మొదట ఆమె మాట వినుడి. సంఘము పేరు కొరకు ఆమె నోరు మూయింపకుడి. బిడ్డల విషయములో పోలీసువారికి తెలుపవలెనని 2012లో వచ్చిన చట్టము మనకు ఆజ్ఞాపించుచున్నది. నాతాను ప్రవక్త రాజునకు భయపడి మౌనముగా ఉండలేదు. ఊరియాకు జరిగిన అన్యాయమును రాజు ముఖముమీదనే చెప్పెను.

అయితే పడినవానికి నిరీక్షణ లేదా? వేసను కథ ఇంకను మిగిలియున్నది. 1801లో ఒక ఇంగ్లీషు ఓడ టోంగాకు వచ్చెను. అతడు దానియొద్దకు చేరినప్పుడు అక్కడివారు మొదట అతనిని ద్వీపవాసియే అనుకొనిరి. తన మాతృభాష కూడ అతని నోట తడబడెను. ఓడ నాయకుడు డఫ్ ఓడలో అతనితో ప్రయాణము చేసినవాడే. అతడు వేసనును ఎక్కించుకొనెను. వేసను ఇంగ్లండు చేరి, పశ్చాత్తాపపడి, తన తప్పులను దాచక చెప్పగా, 1810లో అది పుస్తకముగా వెలువడెను. తరువాత నాటింగ్‌హాం పట్టణమున చెరసాల అధికారిగా పనిచేసెను. అతడు మరల మిషనరీ కాలేదు. క్షమాపణ దొరికినను పోయిన నమ్మకము అంతయు తిరిగి రాదు. టోంగాలో అతడు విడిచివచ్చిన స్త్రీల సంగతియు మనము మరువరాదు. కాని అతని ఒప్పుకోలు వృథా కాలేదు. అతడు దాచియుండినయెడల మనము ఈ పాఠము నేర్చుకొనము.

డఫ్ ఓడను పంపిన సంఘమే 1805లో మన విశాఖపట్టణమునకు జార్జి క్రాన్‌ను, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌ను పంపెను. తరువాత ఆనందరాయరు వారితో చేరెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు తెలుగు చేసిన సువార్తలు మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. మనకు సువార్తను మన భాషలో తెచ్చిన ఆ పని ఒంటరివాడు చేసినది కాదు.

ఈ రాత్రి మీ ఊరి సేవకుడు ఏ వరండాలో పడుకొనుచున్నాడు? అతనికి తోడెవరు? కుటుంబ ప్రార్థనలో అతని పేరు చెప్పుడి. పిమ్మట లేచి, అవసరమైనయెడల చాపయు పంపుడి. ప్రభువు మనలను నిర్దోషులుగా కాపాడును గాక. ఆమేన్.