ఎర్ర కాలికో వెన్ను

వాడరేవులో మా నాన్న పుస్తకాల బీరువా తెరిస్తే మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన వచ్చేది. పురుగు పట్టకుండా అలా కలిపేవారు. 1836లో డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’ నెలకో భాగంగా మొదలైతే, ఇంగ్లండు పాఠకులు ఆ భాగాలన్నీ దాచుకుని తోలు అట్టలతో బైండు చేయించుకున్నారు. మా నాన్న చేసిందీ అదే. వారం వారం పత్రికలోంచి సీరియల్ కాగితాలు విప్పి దాచి, నవల అయిపోగానే చీరాల తీసుకెళ్లేవాడు. తోలు మాత్రం వద్దనేవాడు, ఈ ఉప్పుగాలికి బూజు పడుతుందని. వెన్నుకీ మూలలకీ ఎర్ర కాలికో గుడ్డ. ఆంధ్రభూమిలో వచ్చిన యండమూరి ‘తులసిదళం’ మా ఇంట్లో అలాగే పుస్తకమైంది. కాగితాల వెనక సగం తెగిన ప్రకటనలు కూడా కుట్టులో కలిసిపోయాయి. అచ్చు పుస్తకంలో అవి ఉండవు. నాకు ఈ బైండే ప్రాణం.

పక్కనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఇదే పనిని ఊరందరి కోసం చేసింది. పాత పత్రికలు అక్కడ బైండు సంపుటాలుగా నిలిచాయి. కొత్త భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు.

మొన్నటి వానల్లో ‘తులసిదళం’ వెన్ను ఊడింది. అదే ఎరుపు గుడ్డ కోసం చీరాలంతా తిరిగి తెచ్చాను. మైలుతుత్తం నేనే కలిపాను.