రెండు కన్నులకు ఒక స్తూపం: త్రిమితీయ దృశ్యవలయాల చరిత్ర

1844లో మద్రాసు సైన్యాధికారి రాబర్ట్ గిల్‌ను అజంతా కుడ్యచిత్రాలకు ప్రతులు తయారుచేసే పనికి నియమించారు. ఆయన ఏళ్ళ తరబడి గుహలలో శ్రమించి తైలవర్ణాలలో చిత్రించిన ప్రతులను లండన్ చేరువలోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించారు. 1866 నాటి అగ్నిప్రమాదంలో వాటిలో అత్యధిక భాగం కాలిపోయింది. తరువాత బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్, ఆయన శిష్యులు గీసిన ప్రతులలో సైతం అనేకం 1885లో లండన్‌లోనే మంటలకు ఆహుతి అయ్యాయి. అయితే గిల్ కుంచెతోనే ఆగిపోలేదు. స్టీరియో కెమెరాతో అజంతాను, పరిసర కట్టడాలను జంట ఛాయాచిత్రాలుగా కూడా తీశారు. వాటిలో కొన్ని 1864లో జేమ్స్ ఫెర్గూసన్ వ్యాఖ్యలతో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఏకైక ప్రతిగా ఉన్న తైలచిత్రం నశించింది. పలు ప్రతులుగా వ్యాపించిన ఛాయాచిత్రం మిగిలింది.

నేడు తలకు తొడిగే వర్చువల్ రియాలిటీ పరికరాలలో బౌద్ధక్షేత్రాలను చూపుతున్న చిత్రాలు ఆ జంట ఛాయాచిత్రాలకు వారసులే. కాని రెండింటికీ మధ్య ఒక మౌలిక భేదం ఉంది. దానిని గుర్తించాలంటే రెండు పాత ఆవిష్కరణలను స్మరించాలి.

మొదటిది పనోరమా. 1787లో రాబర్ట్ బార్కర్ వలయాకార గోడపై నలుదిక్కుల దృశ్యాన్ని చిత్రించే పద్ధతికి పేటెంటు పొందారు. రెండవది స్టీరియోస్కోప్. మన రెండు కన్నులకు కనబడే దృశ్యాలలోని స్వల్పభేదమే లోతును స్ఫురింపజేస్తుందని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ రాయల్ సొసైటీకి నిరూపించి చూపారు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో రూపొందించిన చిన్న పరికరం ఆ సూత్రాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఈ రెండింటినీ కలపడం తేలికగా తోచినా, నిజానికి అది చిక్కు సమస్య. రెండు కెమెరాలను పక్కపక్కన నిలిపి, ఒక్కొక్క దానితో ఒక పూర్తి వలయచిత్రం తీశామనుకుందాం. ఎదుటి దిక్కున లోతు సరిగానే కనబడుతుంది. పక్కకు తిరిగితే ఒక కెమెరా మరొకదాని వెనుకకు చేరుతుంది, లోతు మాయమవుతుంది. పూర్తిగా వెనుకకు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అన్ని దిక్కులకూ లోతు నిలవాలంటే చూపు మారినప్పుడల్లా కన్నుల స్థానమూ మారాలి. 1992లో హిరోషి ఇషిగురో బృందం, 1999లో ష్మూయెల్ పెలెగ్, మోషే బెన్ ఎజ్రా ఈ దిశగా ప్రచురించిన పరిశోధనలు మార్గం చూపాయి. రెండు కన్నుల మధ్య దూరం, అంటే సుమారు 6.4 సెంటీమీటర్లు, వ్యాసంగా ఒక చిన్న వృత్తాన్ని ఊహించాలి. ఒక్కొక్క దిక్కుకూ ఆ వృత్తం మీది ఒక్కొక్క బిందువు నుండి, వృత్తాన్ని స్పర్శరేఖగా తాకుతూ చూపు సాగాలి. ఎడమకంటి చూపు వృత్తానికి ఒక వైపు నుండి, కుడికంటి చూపు ఎదురు వైపు నుండి బయలుదేరుతాయి.

అసలు కెమెరాతో దీనిని సాధించాలంటే దానిని తిప్పుతూ సన్నని పట్టీలుగా తీసి కూర్చాలి, లేదా పలు కెమెరాలను వలయంగా అమర్చాలి. రే ట్రేసింగ్ పద్ధతికి ఈ శ్రమ లేదు. కారణం దాని స్వభావంలోనే ఉంది. 1525లో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ ప్రచురించిన గ్రంథంలో ఒక చిత్రం కనిపిస్తుంది. గోడకు దిగగొట్టిన కొక్కెం నుండి ఒక దారాన్ని లాగి, వీణవంటి వాద్యం మీది ఒక్కొక్క బిందువుకూ తాకిస్తారు. మధ్యనున్న చట్రాన్ని ఆ దారం దాటిన చోటును గుర్తిస్తారు. కొక్కెం కన్ను, దారం చూపు. 1968లో ఆర్థర్ అపెల్, 1980లో టర్నర్ విటెడ్ కంప్యూటరు చేత చేయించినది సారాంశంలో ఇదే. చిత్రంలోని ప్రతి బిందువుకూ ఒక కిరణాన్ని దృశ్యంలోకి పంపి, అది తాకిన ఉపరితలపు రంగును, వెలుగును గణిస్తారు. ప్రతి దారమూ స్వతంత్రం కనుక ప్రతిదానికీ కొక్కెం స్థానాన్ని మార్చినా గణనకు అడ్డులేదు. కంటికి 4096 అడ్డం, 2048 నిలువు బిందువులున్న చిత్రంలో బిందువుకు 100 కిరణాల చొప్పున పంపితే, రెండు కన్నులకూ కలిపి తొలి కిరణాలే సుమారు 168 కోట్లు అవుతాయి. 1986లో జేమ్స్ కజియా ప్రతిపాదించిన సమీకరణం గోడ నుండి గోడకు పరావర్తనం చెందే వెలుగును కూడా ఈ లెక్కలోకి తెచ్చింది. గుమ్మపు ఎండ నేలను తాకి లోపలి గోడలను మెల్లగా వెలిగించే గుహాలయాలకు ఈ గుణం ఎంతో ముఖ్యం.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. నడినెత్తికి, పాదాలకు సూటిగా చూసినప్పుడు స్పర్శరేఖల అమరిక చెదురుతుంది. అందుచేత ఆ ధ్రువాల వద్ద రెండు కన్నుల దూరాన్ని క్రమంగా తగ్గించి లోతును వదులుకుంటారు. అజంతా రెండవ గుహలోని చిత్రిత పైకప్పు వంటి వాటికి ఇది నిజమైన నష్టం. అంతకంటె పెద్ద లోటు మరొకటి. ఈ చిత్రంలో తల తిప్పవచ్చు గాని అడుగు వేయలేము. స్తూపం ప్రదక్షిణగా నడిచి దర్శించదగిన కట్టడం. శిల్పఫలకాలు ఆ నడకను అనుసరించి వరుసలో ఎదురవుతాయి. కనుక ఒక్క చిత్రం చాలదు. ప్రదక్షిణపథం పొడవునా పలు నిలుపుచోట్లను ఎంచుకోవాలి.

నిలిచి ఉన్న క్షేత్రం విషయంలో కొలతలే ఆధారం. 2012లో సారా కెండర్‌డైన్, జెఫ్రీ షా, దున్‌హువాంగ్ అకాడమీ సహకారంతో మొగావో 220వ గుహను వలయాకార తెరపై త్రిమితీయంగా చూపారు. క్రీ.శ. 642 నాటి తేదీ గల ఆ గుహకు లేజరు కొలతలు, సూక్ష్మ ఛాయాచిత్రాలు అందుబాటులో ఉన్నాయి. అమరావతి సంగతి వేరు. 1797లో కాలిన్ మెకంజీ చూసే నాటికే మహాచైత్యం శిథిలమవుతోంది. నేడు దాని ఫలకాలు ప్రధానంగా చెన్నై, లండన్, అమరావతి మ్యూజియంలలో చెదరి ఉన్నాయి. అండం ఎంత ఎత్తు, హర్మిక ఎంత వెడల్పు, శిలపై ఏ రంగులు అన్న ప్రశ్నలకు అక్కడి ఫలకాలపై శిల్పులు చెక్కిన స్తూపరూపాలే ముఖ్యాధారాలు. ఆయకస్తంభాలు నాలుగు దిక్కులా అయిదేసి ఉండేవని అవి స్పష్టంగా తెలుపుతాయి. కాని శిల్పం కొలతపటం కాదు.

ఇక్కడే ఆ మౌలిక భేదం బయటపడుతుంది. గిల్ కెమెరా ఎదుట లేని రాతిని చూపలేదు. విరిగినది విరిగినట్టే, చీకటి చీకటిగానే నమోదైంది. రే ట్రేసింగ్‌కు కొలిచిన రాయి, ఊహించిన రాయి సమానం. రెండింటిపైనా ఒకే ఎండ పడుతుంది, రెండింటికీ ఒకే లోతు వస్తుంది. పుస్తకంలోని ఊహాచిత్రాన్ని పాఠకుడు ఊహగానే గ్రహిస్తాడు. తన చుట్టూ నిండుగా నిలిచిన స్తూపాన్ని మాత్రం చూసినదానిగా జ్ఞాపకం ఉంచుకుంటాడు. బడిపిల్లలకు అమరావతి తొలి పరిచయం ఈ విధంగానే జరిగితే, ఒక తరం మనసులో ఊహే చరిత్రగా స్థిరపడుతుంది.

దీనికి విరుగుడు తెలియనిది కాదు. సాంస్కృతిక వారసత్వాన్ని కంప్యూటరుతో దృశ్యీకరించే వారు తమ ఆధారాలను, నిర్ణయాలను నమోదు చేయాలని 2009 నాటి లండన్ చార్టర్ నిర్దేశించింది. ఆచరణలో ఇందుకు మూడు పనులు చాలు. ప్రతి నిలుపుచోటు నుండి రెండు చిత్రాలు చేయాలి: ఒకటి సంపూర్ణ పునర్నిర్మాణం, రెండవది ఆధారం లేని భాగాలను ఒకే సాదా రంగులో విడిచినది. చూపరి వాటిని ఒకదాని తరువాత ఒకటి మార్చి చూసే వీలుండాలి. ఏ నెల, ఏ వేళ ఎండను గణనలో తీసుకున్నారో, కంటి ఎత్తు ఎంతో తెలపాలి. ప్రతి ఫలకం నేడు ఏ మ్యూజియంలో ఉందో పేర్కొనాలి.

నాగార్జునకొండ లోయ జలాశయంలో మునగక ముందు, 1954 నుండి 1960 వరకు పురాతత్త్వజ్ఞులు త్రవ్వి, కొలిచి, కొన్ని కట్టడాలను కొండపైకి తరలించి తిరిగి నిర్మించారు. కొండపై ఉన్నది ఏది, నీటి అడుగున ఉన్నది ఏది అని మనం ఈనాడు విడదీసి చెప్పగలుగుతున్నామంటే అది వారు వ్రాసిపెట్టినందువల్లనే. కిరణాలతో కట్టే స్తూపానికీ అటువంటి వ్రాత తోడుండాలి.