బురుజు మీది చూపు ఎంత దూరం?

కర్నూలుకు పోయినవారికి కొండారెడ్డి బురుజు కనిపించక మానదు. 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన భాగమిది. కర్నూలు, కడప సీమల పల్లెలలోను చిన్న బురుజులు అక్కడక్కడ నిలిచి ఉన్నవి. ఇవి ఎందుకు కట్టినారు?

పాళెగాండ్ర కాలంలో పల్లెకు పెద్ద భయం దోపిడి. దూరాన లేచిన దుమ్మును బురుజు మీది కావలివాడు ముందుగా పసిగడితే, పశువులను లోనికి తోలి వాకిలి మూయడానికి వ్యవధి చిక్కేది. అందుకే ఎత్తు అవసరమైనది.

భూమి గుండ్రనిది గనుక మన చూపుకు ఒక హద్దు ఉన్నది. కంటి ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.6తో గుణిస్తే, చదునైన నేలమీద ఆ హద్దు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. నేలమీద నిలుచున్న మనిషికి అది సుమారు 4.5 కిలోమీటర్లు. 9 మీటర్ల ఎత్తు నుండి సుమారు 11. 36 మీటర్ల నుండి 22. అనగా ఎత్తు నాలుగింతలైతే చూపు రెండింతలే అవుతుంది. పల్లెకు చిన్న బురుజే చాలినది.

భయం మారితే బురుజు పని కూడ మారుతుంది. తురుష్క సామ్రాజ్య రాజధాని ఇస్తాంబుల్‌లో ఇండ్లు చాలవరకు చెక్కతో కట్టినవి. అక్కడి భయం అగ్ని. 1348లో కట్టిన గలాటా బురుజును 1717 నుండి నిప్పు కనిపెట్టడానికి వాడినారు. విచిత్రమేమంటే 1794లోను, 1831లోను ఆ బురుజే అగ్నిప్రమాదాలకు గురి అయినది. 1828లో బెయాజిత్ వద్ద 85 మీటర్ల రాతి బురుజు లేచినది. నిప్పు కనబడితే దానిపై పగలు బుట్టలు, రాత్రి దీపాలు వ్రేలాడదీసి నగరానికి తెలిపేవారు.

రాయలసీమలో రాతిగోడల మీద మన్ను పరచిన చవుడు మిద్దెలు ఎక్కువ. మన్ను మండదు, కాబట్టి ఒక ఇంటి నిప్పు మరొక ఇంటికి సులభంగా ప్రాకదు. ఇక్కడి కావలివాని చూపు ఇండ్లకప్పుల మీద గాక బాటల మీద నిలిచినది.

కడప సీమ 1800లో నిజాము నుండి ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించినది. 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాండ్రను అణచివేసినాడు. కర్నూలు నవాబు రాజ్యం 1839లో కంపెనీ వశమైనది. క్రమంగా బురుజులకు పని లేకపోయినది.

మీ ఊరిలో బురుజు ఉంటే, దాని నీడను, పక్కన నిలిపిన కర్ర నీడను ఒకే వేళ కొలవండి. త్రైరాశికంతో ఎత్తు తెలుస్తుంది. ఎత్తు తెలిస్తే కావలివాని చూపు ఎంతవరకు పారినదో లెక్కకట్టవచ్చును. బురుజు కూలకముందే ఆ కొలతలు వ్రాసి ఉంచితే ఊరి చరిత్రలో ఒక పుట నిలుస్తుంది.