గాల్జీజాలకము – ప్రత్యక్షప్రామాణ్యవిచారము

పేరు గలది యెల్ల వస్తువు గాదు. ఆకాశకుసుమము, శశవిషాణము అను పదములు వ్యాకరణమునకు లోఁబడి, విభక్తులను దాల్చి, వాక్యమునందుఁ జక్కఁగా నిలుచును. వాని యర్థములు మాత్రము లోకమున లేవు. కంటికిఁ గనఁబడినదెల్ల సత్యమును గాదు. మసకచీఁకటిలోఁ ద్రాడు పామై తోఁచును. మానవశరీరమందలి కణములలో, పరిపక్వములైన యెఱ్ఱరక్తకణములు దక్క, దాదాపు అన్నింటను ఉండు నొక యంగము పేరు గలిగియు, కంటికిఁ గనఁబడియు, ఏఁబదియాఱు సంవత్సరములు సందేహమునకుఁ బాత్రమై యుండెను. అదియే గాల్జీజాలకము.

1665లో రాబర్టు హుక్కు బెండుముక్కలోఁ జూచి కణములని పేర్కొన్నవి ఉత్త గోడలే. 1831లో రాబర్టు బ్రౌను కణమధ్యమందలి కేంద్రకమునకుఁ బేరిడెను. 1838, 1839 సంవత్సరములలో ష్లైడెను, ష్వాను అను జర్మను పండితులు వృక్షశరీరములును జంతుశరీరములును కణనిర్మితములే యని స్థాపించిరి. కాని కేంద్రకమునకు వెలుపల నున్న జీవద్రవ్యములో నేమున్నదో తేల్చుట కష్టమయ్యెను. అది పారదర్శకము. రంగు వేయనిచో అందలి యంగములు స్పష్టముగాఁ గనఁబడవు. నాఁటి పద్ధతుల ప్రకారము రంగు వేసినచో కణము చచ్చును. చూచినది బ్రదికినకాలమునాఁటి రూపమా, చచ్చిన తరువాత మందులు కల్పించిన రూపమా యను శంక యిచ్చటనే పుట్టినది.

కామిల్లో గాల్జీ 1843లో ఇటలీదేశమునఁ బర్వతప్రాంతమందలి కొర్తెనో గ్రామమున జన్మించి, పావియా విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. 1872లో అబ్బియాతెగ్రస్సో యను పట్టణమందలి దీర్ఘరోగుల వైద్యశాలకుఁ బ్రధానవైద్యుఁడై పోయి, అచ్చటి వంటయింటినే ప్రయోగశాలగా నొనర్చుకొనెను. మెదడుముక్కను పొటాసియం డైక్రోమేటు ద్రావణములో గట్టిపఱచి, పిదప సిల్వర్ నైట్రేటులో ముంచఁగా, లెక్కకు మిక్కిలి యైన నాడీకణములలో ఏ కొన్నియో మాత్రము కొమ్మలతో సహా నల్లఁబడి, పసుపువన్నె కాగితముమీఁద సిరాతో గీచిన చెట్లవలె నిలిచెను. 1873లోఁ బ్రకటితమైన యీ పద్ధతికి ‘నల్లని ప్రతిక్రియ’ యని పేరు.

ఈ పద్ధతియే గాల్జీని ఒకమాఱు మోసగించెను. నాడీకణముల తంతువులన్నియు నొండొంటితోఁ గలిసిపోయి యొక యఖండమైన వల యగుచున్నవని ఆయన నమ్మెను. స్పెయినుదేశీయుఁడగు రామోన్ కాజల్ అదే పద్ధతి నవలంబించి, 1888 మొదలుకొని, ప్రతి నాడీకణమును వేర్వేఱు వ్యక్తియే యని చూపుచు వచ్చెను. 1906లో నోబెల్ బహుమానము నిరువురును బంచుకొనిరి. గాల్జీ తన బహుమానోపన్యాసమందే కాజల్ మతమును ఖండించెను.

అంతకు ముందే, 1898 ఏప్రిలులో, పావియా వైద్యశస్త్రసమాజమునందు గాల్జీ మఱియొక వలను గూర్చి తెలియఁజేసెను. అది కణములకు నడుమ నున్నది కాదు, కణములోపలిది. గుడ్లగూబ చిన్నమెదడునందలి పెద్ద నాడీకణములలో, కేంద్రకముచుట్టును, సన్నని దారములతో నల్లినట్టి యొక యల్లిక నల్లఁబడి కనఁబడెను. దానికి ‘అంతర్జాలకయంత్రము’ అని పేరిడెను. ఆయన శిష్యులు ఇతరకణములయందును దానిని గాంచిరి.

దీనిమీఁద వెలువడిన పూర్వపక్షము బలమైనదే. బ్రదికియున్న కణమునందు ఈ జాలకము స్పష్టముగాఁ గనఁబడదు. ఒకచో వలవలె, ఒకచో నెలవంకవలె, ఒకచోఁ జెదరిన చుక్కలవలె రూపభేదములు దోఁచుచున్నవి. ఒకమాఱు పట్టిన రంగు మఱియొకమాఱు పట్టదు. అన్నింటికి మించి, నాడులవలయే లేదని తేలుచుండఁగా, అదే మనుష్యుఁడు వెండిరంగుతోనే చూపిన రెండవ వలను నమ్ముట యెట్లు? 1926లో గాల్జీ మరణించునాఁటికి వివాదము తీఱలేదు. 1949లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలోని జార్జి పలాడె, ఆల్బర్టు క్లాడు అను పండితులు, కణమందలి క్రొవ్వువంటి పదార్థములను సాధనద్రవ్యములు మార్చుటవలననే యీ యాకృతి పుట్టుచున్నదని, ఇది కృత్రిమమే యని, వాదించిరి.

ఐదేండ్లు గడచెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి నప్పునట్లు కణములను మిగులఁ బలుచని పొరలుగాఁ గోయు నేర్పు అప్పటికి వచ్చినది. 1954లో అమెరికాలో డాల్టను, ఫెలిక్సు అనువారును, స్వీడనులో ష్యోస్ట్రాండు, హాన్‌జోను అనువారును ఆ స్థానమునందే, పూతరేకులను దొంతిపేర్చినట్లు, చదునైన పొరసంచులు వరుసగా నుండుటను గాంచిరి. ఆ దొంతులు మానవాది స్తన్యజంతువుల కణములలో నొకదానితో నొకటి కలిసి కేంద్రకముచెంతఁ బట్టీగా నేర్పడును. గాల్జీకి జాలకమై తోఁచినది యదియే. వృక్షకణములలోను, అనేకములగు క్షుద్రజంతువుల కణములలోను దొంతులు విడివిడిగాఁ జెదరియుండును. చుక్కలవలెఁ దోఁచుటకుఁ గారణ మదియే. ఆ దశాబ్దమందే అదే యంత్రము నాడీకణముల నడుమ నెడము గలదని చూపి కాజల్ పక్షమును నిలిపెను. ఒక వల భ్రాంతి. ఒక వల ప్రమ. చూచినవాఁ డొక్కఁడే, చూచిన విధము నొక్కటే.

అయినను రూపదర్శనమాత్రమునఁ బ్రామాణ్యము పూర్తి గాదు. ఎండమావియు నీటివలెనే కనఁబడును, దప్పి తీర్పదు. జ్ఞానము యొక్క ప్రామాణ్యము సఫలప్రవృత్తివలనఁ దెలియవలె నని నైయాయికుల మతము. ఈ పని చేసినవారిలో ముఖ్యుఁడు, ఆశ్చర్యముగా, పూర్వపక్షియగు పలాడెయే. 1967లో జేమీసను అను సహచరునితోఁ గూడి, గినీపంది క్లోమముక్కలకు మూఁడు నిమిషములపాటు రేడియోధార్మికమగు లూసినును అందించి, దాని జాడ పట్టెను. క్రొత్తగాఁ బుట్టిన మాంసకృత్తులు మొదట నంతర్జీవద్రవ్యజాలములోను, పిదప గాల్జీప్రాంతములోను, సుమారు రెండు గంటలకు స్రావకణికలలోను గనఁబడెను. అంతకు ముందేఁడు, 1966లో, న్యూట్రా, లెబ్లాండు అనువారు ప్రేగులందలి శ్లేష్మమునకుఁ జక్కెరలు చేరునది గాల్జీయందే యని చూపిరి. మానవుల రక్తమును ఏ, బీ వర్గములుగా వేఱుచేయు చక్కెరగుఱుతులను దగిలించు ఎంజైములు నచ్చటనే పనిచేయును. దప్పి తీఱినది, నీరు నీరే యని తేలినది. 1974లో పలాడె, క్లాడు, డి డ్యూవ్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను.

పూర్వపక్షము లేనిది సిద్ధాంతము నిలువదని శాస్త్రకారుల సంప్రదాయము. 1949నాఁటి ఖండనము తప్పైనను వ్యర్థము గాదు. పరీక్షకు నిలువక యీ జాలకము పేరుగనే మిగులరాదని యది కోరెను. అడిగినవాఁడే తుదకు బదులు తెచ్చుట, తన వ్రాఁతకే తాను ప్రతివాది యగుట, పండితులకు సులభమైన పని గాదు. గాల్జీ తన మొదటి వలయందు చేయలేనిది పలాడె చేసి చూపెను.