విడుదల నుంచి విరమణ దాకా: కంప్యూటర్‌లో తెలుగు లిపి సౌకర్యాల జీవితచరిత్ర

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి సౌకర్యానికీ విడుదల, మద్దతు కాలం, విరమణ అనే దశలు ఉంటాయి. ఆ సౌకర్యాన్ని ఆధారం చేసుకొని రాసిన పాఠం మాత్రం అంతకంటే ఎక్కువ కాలం బతకవలసి ఉంటుంది. డైనమిక్ ఫాంట్లు, విండోస్ ఎక్స్‌పీ, పద్మ పొడిగింత, ఐఓఎస్ 11, యూనికోడ్ అనే అయిదు సందర్భాల ద్వారా ఈ రెండు కాలాల మధ్య ఏర్పడిన వైరుధ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తెలుగు లిపి, ఫాంటు, యూనికోడ్, సాఫ్ట్‌వేర్ జీవితచక్రం, విరమణ, పాఠ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

అచ్చుపుస్తకం ఒకసారి వెలువడిన తరువాత దాని ఉనికి ప్రచురణకర్త మీద ఆధారపడదు. ముద్రణాలయం మూతపడినా గ్రంథాలయంలోని ప్రతిని చదవవచ్చు. సాఫ్ట్‌వేర్ స్వభావం ఇందుకు భిన్నం. ముందుగా బీటా అనే ప్రయోగాత్మక కూర్పు వెలువడుతుంది. లోపాలు సవరించాక స్థిరమైన కూర్పు విడుదలవుతుంది. కొన్నేళ్లపాటు సవరణలు అందుతాయి. చివరకు మద్దతు ఆగిపోతుంది.

మద్దతుకూ తొలగింపుకూ నడుమ ‘డెప్రికేషన్’ అనే మరో దశ ఉంది. సౌకర్యం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, కానీ దానిపై కొత్త పని మొదలుపెట్టవద్దని నిర్మాతలు ముందుగా హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక సాధారణంగా సాఫ్ట్‌వేర్ రాసేవారికి చేరుతుంది. దానితో సిద్ధాంతగ్రంథం టైపు చేసుకున్న పరిశోధకునికి చేరడం అరుదు. తెలుగు పాఠాల విషయంలో ఈ ఎడబాటు ఎంత నష్టం తెచ్చిందో గుర్తించడానికి ఫాంట్ల చరిత్రే తొలి ఆధారం.

2. ఫాంటుతో ముడిపడిన అక్షరం

యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ రంగంలో తెలుగు అక్షరం ఒక సర్దుబాటుగా ఉండేది. ఫాంటు రూపకర్తలు రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను అమర్చేవారు. తెర మీద తెలుగు కనిపించినా ఫైలులో ఉన్నవి రోమన్ సంకేతాలే. ఏ స్థానంలో ఏ ముక్క ఉండాలన్నది ఒక్కో ఫాంటుకు ఒక్కో తీరు. అందువల్ల ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా కనిపిస్తుంది.

ఇంటర్నెట్‌లో ఈ ఇబ్బందిని దాటడానికి 1997లో రెండు వేర్వేరు మార్గాలు వచ్చాయి. నెట్‌స్కేప్ 4 ట్రూడాక్ పద్ధతిని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 ఈఓటీ పద్ధతిని ప్రవేశపెట్టాయి. రెండింటిలోనూ పుటతోపాటు ఫాంటు కూడా పాఠకుని కంప్యూటర్‌కు చేరేది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఈ డైనమిక్ ఫాంట్లను విరివిగా వాడుకున్నాయి. అయితే 2000లో వచ్చిన నెట్‌స్కేప్ 6లో ట్రూడాక్‌కు చోటు లేదు. ఈఓటీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమై, 2022 జూన్‌లో ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ విరమణ పలకడంతో ఆధారం కోల్పోయింది. సౌకర్యాలు వెళ్లిపోయినా వాటి సంకేతాలలో రాసిన వార్తలు, వ్యాసాలు మారలేదు. వాటిని చదివే సాధనమే పోయింది.

3. ఉండీ కనిపించని సౌకర్యం: విండోస్ ఎక్స్‌పీ

విండోస్ శ్రేణిలో తెలుగు లిపికి వ్యవస్థాపరమైన మద్దతు 2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీతో లభించింది. దానితోపాటు గౌతమి ఫాంటు వచ్చింది. విడుదల కావడం వేరు, అందుబాటులోకి రావడం వేరు అనడానికి ఎక్స్‌పీ మంచి ఉదాహరణ. సంయుక్తాక్షరాలు సరిగా కనిపించాలంటే భాషల అమరికలోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను ప్రత్యేకంగా ఎంచుకొని చేర్చుకోవాలి. ఇందుకు సాధారణంగా ఎక్స్‌పీ సీడీ కావలసి వచ్చేది. 2007 జనవరిలో సాధారణ వినియోగదారులకు విడుదలైన విస్టాలో ఈ మద్దతు ముందుగానే అమరి వచ్చింది. అంటే, సౌకర్యం పుట్టిన తరువాత అయిదేళ్లకుపైగా గడిస్తేగానీ అది సహజస్థితి కాలేదు. ఆ వ్యవధిలో పాత ఫాంట్లకు అలవాటుపడిన వారికి వాటిని వదిలే కారణం కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎక్స్‌పీ విరమణ మాత్రం క్రమబద్ధంగా జరిగింది. మైక్రోసాఫ్ట్ 2002లో తన ఉత్పత్తులకు మద్దతు కాలవిధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ఎక్స్‌పీ ప్రధాన మద్దతు 2009 ఏప్రిల్ 14న, పొడిగించిన మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిశాయి. ఎక్స్‌పీలో యూనికోడ్‌తో రాసిన తెలుగు ఫైలు తరువాతి వ్యవస్థలలో యథాతథంగా తెరుచుకుంటుంది. గౌతమి లేకపోయినా మరో యూనికోడ్ ఫాంటు ఆ పని చేస్తుంది. పాఠం ఫాంటు నుంచి విడివడినందువల్ల వ్యవస్థ విరమణ పాఠానికి విరమణ కాలేదు.

4. వారధి విరమణ: పద్మ

పాత ఫాంటు సంకేతాలలో ఉన్న పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు పొడిగింతగా వచ్చింది. రెండు యుగాల పాఠాల మధ్య ఇది వారధిగా నిలిచింది. అయితే ఆ వారధి కూడా ఒక సౌకర్యం మీదే నిలబడి ఉంది. బ్రౌజర్ అంతర్భాగాలలోకి చొచ్చుకుపోయే పాత పొడిగింతలు భద్రతకూ వేగానికీ ఆటంకమవుతున్నాయని భావించిన మొజిల్లా, వాటిని క్రమంగా నిలిపివేస్తామని 2015 ఆగస్టులో ప్రకటించింది. 2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57లో అవి పనిచేయడం ఆగిపోయింది. పాత పద్ధతిలో రాసిన పద్మ కూర్పుకూ ఇదే వర్తించింది. అది తిరిగి పనిచేయాలంటే కొత్త పద్ధతిలో మళ్లీ రాయవలసిందే.

ఇక్కడ నిర్మాతల పక్షాన తప్పు చూపడం కష్టం. కారణం ఉంది, గడువు రెండేళ్లకుపైగా ఉంది, ప్రత్యామ్నాయం ఉంది. కానీ గడువును వినియోగించుకోవడానికి మనుషులు కావాలి. స్వచ్ఛందంగా నిర్మించిన చిన్న భాషాసాధనాలకు ఆ బలం తక్కువ.

5. ఒక సంయుక్తాక్షరం, రెండు కూర్పులు

విడుదల నిర్వహణలో తెలుగు అక్షరం ప్రపంచవార్త అయిన సందర్భం 2018 ఫిబ్రవరిలో వచ్చింది. ‘జ్ఞా’ అనే రూపాన్ని ఒక అదృశ్య సంకేతంతో కలిపి పంపితే, ఐఓఎస్ 11 ఉన్న ఫోన్లలో దానిని చూపబోయిన యాప్ కుప్పకూలింది. అప్పటికి పరీక్షలో ఉన్న 11.3 బీటా కూర్పులో ఈ లోపం లేదు. అంటే, పరిష్కారం ప్రయోగదశలో ఉండగానే సామాన్య వినియోగదారులు ఇబ్బంది పడ్డారు. 11.3 స్థిరపడే దాకా ఆగకుండా ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6ను అత్యవసర సవరణగా విడుదల చేసింది. గమనించవలసిన అంశం, సవరించినది సాఫ్ట్‌వేర్‌నే. అక్షరం సంకేతాన్ని ఎవరూ మార్చలేదు, మార్చే వీలు కూడా లేదు. ఆ వీలు లేకపోవడానికి కారణం యూనికోడ్ నియమంలో ఉంది.

6. తొలగింపు లేని వ్యవస్థ: యూనికోడ్

1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు యూనికోడ్‌లో స్థానం ఉంది. ఆ అమరికకు భారతీయ లిపుల ఇస్కీ ప్రమాణం ఆధారం. ఆరంభంలో యూనికోడ్ కూడా నిలకడగా లేదు. టిబెటన్ లిపిని 1.1 కూర్పులో తొలగించి 2.0లో వేరే చోట చేర్చారు. కొరియన్ అక్షరాలనూ 1996లో వచ్చిన 2.0లోనే తరలించారు. అంతకుముందు రాసిన పాఠాలకు ఇది ప్రమాదమని గుర్తించాక, ఒకసారి చేర్చిన అక్షరాన్ని తరలించరాదు, తొలగించరాదు అనే నియమం స్థిరపడింది. ఒక అక్షరం డెప్రికేషన్‌కు గురైనా దాని సంకేతం నిలిచే ఉంటుంది.

వెనక్కి తీసుకునే వీలు లేనందువల్ల ప్రవేశం కఠినమయింది. ప్రతిపాదన, ఆధారాల పరిశీలన, బీటా సమీక్ష దాటితేనే కొత్త అక్షరం చేరుతుంది. దంత్య చజలైన ౘ, ౙ 2008లో, ప్రాచీన శాసనాలలోని ఴ 2014లో, నకారపొల్లు 2021లో స్థానం పొందాయి. నిత్యవ్యవహారంలో వాడుక సన్నగిల్లిన బండి ఱ, అరసున్న తొలి కూర్పు నుంచీ ఉన్నాయి. వాడుకలోంచి తప్పుకోవడం వేరు, సంకేతం రద్దు కావడం వేరు. పాఠపరిష్కర్తకూ శాసనపరిశోధకునికీ ఈ భేదం ప్రాణప్రదం.

7. ముగింపు

పై సందర్భాలను బట్టి ఒక నిర్ధారణకు రావచ్చు. సాఫ్ట్‌వేర్ విరమణ అనివార్యం, చాలాసార్లు అవసరం కూడా. పాఠం బతికేదీ లేనిదీ అది దేనితో ముడిపడి ఉందన్న దానిపై ఆధారపడుతుంది. సౌకర్యంతో ముడిపడిన పాఠం సౌకర్యంతోపాటే మూగబోతుంది. శాశ్వత ప్రమాణంతో ముడిపడిన పాఠం వ్యవస్థలు మారినా నిలుస్తుంది.

విశ్వవిద్యాలయ శాఖలలో పాత ఫాంట్లలో ఉన్న సిద్ధాంతగ్రంథాలకు ఈ నిర్ధారణ నేరుగా వర్తిస్తుంది. ప్రతి ఫాంటుకూ వేరే మార్పిడి పట్టిక కావాలి. పట్టికలో లేని అరసున్న, ఱ వంటి గుర్తులు మార్పిడిలో జారిపోతాయి. అందుచేత మార్చిన ప్రతిని అచ్చుప్రతితో సరిపోల్చడం తప్పనిసరి. ఫాంటు, మార్పిడి సాధనం, వాటిని ఎరిగిన టైపిస్టు అందుబాటులో ఉన్నంతకాలమే ఈ పని సులభం. ఆ గడువు ముగిసే రోజును ఏ సంస్థా ప్రకటించదు.