గాజులోని బోలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంతలలో 'గాజులు' అన్నచో ఎవరికైనను మొదట చేతి గాజులే స్ఫురించును. తెలుగులో ఆ పదార్థమునకును, ఆ నగకును పేరొక్కటే. సిరియా, ఇరాక్, ఇరాన్ దేశములలో అదే గాజు గిన్నెగా, కూజాగా, అత్తరు బుడ్డిగా ఇంటింట వాడుకకు వచ్చినది. ఈ భేదము తెలియవలెనన్నచో గాజులో బోలు ఎట్లు ఏర్పడునో చూడవలెను.

పూర్వము మట్టి అచ్చుపై కరిగిన గాజును పొదిగి, ఆరిన పిమ్మట మట్టిని తొలిచి తీసెడివారు. క్రీ.పూ. 1వ శతాబ్దిలో మధ్యధరా సముద్రపు తూర్పు తీరమున సులువైన ఉపాయము దొరికినది. గొట్టము కొనకు గాజుముద్దను అంటించి రెండవ కొననుండి ఊదినచో ముద్ద బుడగవలె ఉబ్బును. పాత్ర నిమిషములలో తయారగును.

7వ శతాబ్దిలో ఆ ప్రాంతములు ముస్లిం పాలనలోనికి వచ్చినవి. ఊదు పద్ధతి నిలిచినది. ముడిసరకు మాత్రము క్రమముగా మారినది. ఇసుక కరుగుటకు సుమారు 1700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. సోడా కలిపినచో తక్కువ వేడి చాలును. రోమనుల కాలమున ఈజిప్టు ఖనిజమైన నేట్రాన్ వాడెడివారు. 8, 9 శతాబ్దులలో దాని స్థానమున చవిటినేల మొక్కల బూడిద వచ్చినది. బూడిద గాజులో మెగ్నీషియము, పొటాషియము హెచ్చు. కనుక చిన్న పెంకును పరీక్షించినను అది ఏ రకపు గాజో చెప్పవచ్చును.

ఈ పాత్రలు దూరదేశములకు పోయినవి. చైనాలోని ఫామెన్ ఆలయ భూగృహము 874లో మూయబడి 1987లో తెరువబడగా అందు ఇస్లాం యుగపు గాజుపాత్రలు కనిపించినవి. 11వ శతాబ్దిలో టర్కీ తీరమున మునిగిన ఒక ఓడలో సుమారు 3 టన్నుల గాజు ఉండెను. అందు చాల భాగము మరల కరగించుటకు తెచ్చిన ముడిగాజు, పగిలిన ముక్కలు.

తెలుగునాట తిరుపతి సమీపమునగల పాపానాయుడుపేటలో బోలు ఊపిరివలన గాక, లాగుటవలన ఏర్పడెడిది. వేడి గాజుముద్ద నడుమ రంధ్రము నిలిపి పొడుగుగా లాగినచో సన్నని గొట్టమగును. దానిని ముక్కలు చేసినచో పూసలే. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 2000 ఏండ్ల క్రిందటనే ఇట్టి పూసలు చేసిరి.

లాగిన పూసలో గాలిబుడగలు రంధ్రము వెంబడి సాగియుండును. ఊదిన పాత్ర అడుగున కడ్డీ విరిచిన మచ్చ తరచుగా మిగులును. పాత ఊరి దిబ్బపై గాజు పెంకు కనిపించినచో విద్యార్థులు దానిని తీయక, పురావస్తుశాఖకు తెలుపవలెను. చోటు మారిన పెంకు తన చరిత్రలో సగము పోగొట్టుకొనును.