విజిల్ పట్టిన స్క్వాడ్రన్ లీడర్

వేములవాడ చుట్టుపక్కల ఊళ్లల్లో కబడ్డీ పోటీలు పెడితే జట్లు ఇట్టే దొరుకుతాయి. దొరకనిది విజిల్ పట్టే మనిషి. చివరికి బడి పీఈటీ సారునే బతిమాలుకుంటారు. రెండు ఊళ్ల తిట్లూ పడటానికి ఒప్పుకునేది ఆయనొక్కడే మరి. కోట్ల డాలర్లు తిరిగే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోనూ తెల్లటోపీ రిఫరీల్లో చాలామందికి వారమంతా వేరే కొలువు ఉంటుంది. 2018లో రిటైరైన పేరు మోసిన రిఫరీ ఎడ్ హోకులి వృత్తికి వకీలు.

మన హైదరాబాద్‌లోనూ అలాంటి మనిషి ఉండేవాడు. ఆట వేరు, కాలితో ఆడే ఫుట్‌బాల్. పేరు సయ్యద్ షాహిద్ హకీం. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్, మైదానంలో ఫిఫా బ్యాడ్జి ఉన్న రిఫరీ.

ఆయన తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులుగా మొదలై దేశానికే కోచ్ అయ్యాడు. ఆయన చేతుల్లో ఎదిగిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు తండ్రి కోచ్, కొడుకు ఆటగాడు. హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. ఈ మూడింట్లో ఒక్కదాంట్లోనూ హకీం మైదానంలో దిగలేదు. అప్పట్లో మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ని మార్చే నిబంధన లేదు. తొలి పదకొండుగురిలో లేనివాడు బయట కూర్చుని చూడాల్సిందే. తండ్రి మనసులో ఏముందో గానీ, కొడుకని పక్షపాతం చూపాడనే మాటకు మాత్రం తావివ్వలేదు. కొడుక్కి రిఫరీగిరీలో తొలి పాఠం అక్కడే పడిందని నాకనిపిస్తుంది.

1988 డిసెంబరులో ఖతార్ రాజధాని దోహాలో ఆసియా కప్ జరిగింది. 49 ఏళ్ల హకీం అక్కడ రిఫరీ. ఆ రోజుల్లో చెవిలో ఇయర్‌పీస్ లేదు, నాలుగో అధికారి లేడు, వీడియో లేదు. జెండాలు పట్టుకుని ఇద్దరు లైన్స్‌మెన్, జేబులో పసుపు, ఎరుపు కార్డులు, అంతే. ఆ కార్డులైనా 1970 ప్రపంచకప్‌తోనే వచ్చాయి. అటు ఎన్ఎఫ్ఎల్ మాత్రం 1986లోనే రీప్లే చూసి తీర్పు దిద్దుకోవడం మొదలుపెట్టింది. దోహాలో హకీంకు ఆ వెసులుబాటు లేదు; ఊదితే ఊదినట్టే.

అంతకుముందు 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హకీం భారత జట్టు కోచ్ పీకే బెనర్జీకి సహాయ కోచ్‌గానూ పనిచేశాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందింది. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తండ్రి మీద 2024లో అజయ్ దేవ్‌గణ్‌తో ‘మైదాన్’ సినిమా వచ్చింది. అందులో రోమ్ ఉంది, 1962 నాటి జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం ఉంది. దోహా దాకా ఆ కథ పోదు.